పంచెకి వారంటీ లేదు

మా ఇంటి ముందు గోడకు ఆయన రాసిచ్చిన వారంటీకి ఇంకా రెండేళ్ళ గడువుంది. ఆయన మాత్రం లేడు.

ఈ సంగతి పోయిన శనివారం మేముండే ఆక్లాండ్ శివారు ఊరు పాపకూరలో, రంగుల కొట్టు కౌంటర్ దగ్గర తెలిసింది. చెత్త డబ్బాను వీధిలోకి లాగుతూ ముందు గోడకు జానెడు గీత పెట్టాను. ఇంట్లో మాత్రం గాలికి డబ్బా పడిందని చెప్పాను. గీత మీద పూయడానికి కాస్త రంగు కావాలి. రంగు పేరు గుర్తులేదు. మీగడకూ గోధుమపిండికీ మధ్య ఏదో రంగు. కౌంటర్ వెనక ఉన్న కివీ, అంటే ఈ దేశపు పెద్దమనిషి, ఇంటికి రంగు ఎవరు వేశారని అడిగాడు. చెప్పాను. ఆయన చేతిలో ఉన్న పెన్ను కింద పెట్టాడు.

"ఆయన చలికాలంలో పోయాడు. నీకు తెలీదా?"

తెలియదన్నాను.

"మీ గరాజ్‌లో ఒక డబ్బా మిగిల్చి ఉంటాడు. దాని మూత మీద అన్నీ రాసి ఉంటాయి. మూత మీద రాయకుండా ఆయన ఏ ఇల్లూ వదల్లేదు. వెళ్ళి చూడు."

చూడమంటే వెంటనే వెళ్ళి చూసే రకం కాదు నేను. ఏ కాగితంలోనైనా నాకు సంబంధించిన భాగం చదవకుండా దాటేయడం నా పాత అలవాటు. మూత సంగతి తర్వాత. ముందు మనిషి సంగతి చెప్తాను.

మేము ఆ ఇల్లు రెండువేల రెండులో కొన్నాం. ముందు వాకిలి దక్షిణానికి ఉండటంతో మనవాళ్ళెవరూ దాని జోలికి పోలేదు. అందుకే మాకు దొరికింది. వెదర్‌బోర్డు ఇల్లు. అంటే గోడలన్నీ ఒకదాని అంచు మీద ఒకటి కప్పుకున్న చెక్క పలకలే. పాత రంగు పెచ్చులు పెచ్చులుగా లేచిపోయి, దూరం నుంచి చూస్తే ఇల్లు చలికి ముడుచుకున్నట్టు ఉండేది. గృహప్రవేశం లోపల రంగు వేయించాలనుకున్నాం.

అప్పట్లో నేను ఆక్లాండ్ సిటీ సెంటర్‌లో ఒక ఆఫీసులో సాఫ్ట్‌వేర్ సపోర్టు ఒప్పందాలు చూసేవాణ్ణి. మేము అమ్మిన ప్రోగ్రాం చెడిపోతే, ఆ తప్పు మాది కాదని అవతలివాళ్ళకు మర్యాదగా తెలియజేయడం నా ఉద్యోగం. అందులో మంచి పేరు కూడా ఉంది. ఇంత చదువుకున్నవాణ్ణి ఒక పెయింటర్ మోసం చేయకూడదు కదా అని, వారంటీ గురించి ఇరవై రెండు ప్రశ్నలు తయారుచేసి ఆఫీసు ప్రింటర్ మీద తీసుకొచ్చాను.

ముగ్గురు వచ్చి ఇల్లు చూశారు. మొదటి కంపెనీ మనిషి నున్నటి రంగుల కాగితం ఇచ్చి పదిహేనేళ్ళ వారంటీ అన్నాడు. రెండో కంపెనీ కుర్రాడు లైఫ్‌టైమ్ అన్నాడు. ఎవరి లైఫ్ అని అడిగితే, ఇల్లు ఉన్నంతకాలం అంటూ ఇంటి వంక జాలిగా చూశాడు. మూడోవాడు ఈయన. కూరగాయల కొట్లో ఎవరో మా ఆవిడకు చెప్పిన పేరు.

తెల్ల వ్యాన్, మీద రెండు నిచ్చెనలు. అరవై దాటిన మనిషి. తల మీద తువ్వాలు గుడ్డతో కుట్టిన టోపీ. ఆ టోపీ అసలు రంగు ఏమిటో ఎవరూ చెప్పలేరు. దాని మీద ఆయన వేసిన ఇళ్ళన్నీ చుక్కలుగా ఉన్నాయి. తర్వాత రోజుల్లో ఆ టోపీ తీసి, ఇదిగో ఈ పచ్చ చుక్క రైలు స్టేషన్ పక్క డాక్టరమ్మది, ఈ నీలం చుక్క చర్చి వెనకాలాయనది అని వేలుపెట్టి చూపించేవాడు. ఊరి మ్యాపు చూపించినట్టుండేది.

వచ్చినవాడు నాకు నమస్కారం పెట్టలేదు. నేరుగా గోడ దగ్గరికి వెళ్ళి అరచెయ్యి తిరగేసి, చేతి వెనక భాగాన్ని పలకకు ఆనించి నిలబడ్డాడు. అలా ఇల్లంతా చుట్టి వచ్చాడు. ఐదేళ్ళ మా అమ్మాయి ఆయన వెనకే తిరిగి, ఇంటికి జ్వరం వచ్చిందా అని ఇంగ్లీషులో అడిగింది.

"జొరం కాదు తల్లీ, జలుబు," అని ఆయన తెలుగులో జవాబిచ్చాడు.

అప్పుడు తెలిసింది, మనవాడేనని. మనవాడంటే పూర్తిగా మనవాడు కాడు. ఆయన తాత విశాఖపట్నం వైపు నుంచి చెరకు తోటల పనికి ఫిజీ దీవులకు ఓడెక్కి వెళ్ళినవాడు. ఈయన ఫిజీలో పుట్టి, నడివయసులో ఇక్కడికి వచ్చాడు. ఆంధ్రదేశం ఎప్పుడూ చూడలేదు. ఆయన తెలుగు నాయనమ్మ దగ్గర నేర్చుకున్నది, తాత ఓడెక్కిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. నా తెలుగులో సగం ఇంగ్లీషు కావడం చూసి, "నువ్వు ఇండియా నుంచే వొచ్చేవా బాబూ?" అని ఒకసారి నిజంగానే అనుమానంగా అడిగాడు.

నేను ప్రశ్నల కాగితం తీశాను.

"అంకుల్, మొదటి ప్రశ్న. వారంటీ ఎన్నేళ్ళిస్తారు?"

"ఏ గోడకి?"

నా ఇరవై రెండు ప్రశ్నల్లో దీనికి జవాబు లేదు.

"అన్ని గోడలకీ."

"అన్ని గోడలూ ఒకలాగ ఉండవు బాబూ. ఉత్తరం గోడ ఎండకి మాడిపోతాది, దానికి ఐదేళ్ళు. తూరుపూ పడమరా ఏడు. ఈ ముందు గోడకి ఎండ తగల్దు, నాచు పడతాది. నువ్వు ఏడాదికోపాలి కడిగితే దానికీ ఏడు. కడగకపోతే నేనేటీ సెప్పలేను."

ఇక్కడ నేను ఆయన్ని పట్టుకున్నాను. దక్షిణం గోడకు ఎండ తగలకపోవడమేమిటి? చిన్నప్పటి నుంచీ దక్షిణపు ఎండకు కిటికీలు మూసుకుని పెరిగినవాణ్ణి. వడియాలు ఎటు ఎండబెట్టేవాళ్ళో నాకు తెలియదా? అదే విషయం సవివరంగా చెప్పాను. సూర్యుడు తూర్పున ఉదయించి దక్షిణం మీదుగా పడమటికి వెళ్తాడని, చేత్తో ఆకాశంలో గీత గీసి చూపించాను కూడా. భూమధ్యరేఖ దాటి ఈ కిందికొచ్చి అప్పటికి మూడేళ్ళయింది. ఇక్కడ ఎండ ఉత్తరం నుంచి వస్తుందని ఒక్కసారి తలెత్తి చూసుకోలేదు. సామానుతో పాటు సూర్యుణ్ణి కూడా కట్టుకుని తెచ్చుకున్నాను.

ఆయన నేను గీసిన గీతను చివరిదాకా చూశాడు.

"సరే బాబూ. ఇంటోడు ఉన్నాదంటే ఉన్నాది," అన్నాడు.

అది ఆయన పద్ధతి. ఇంటివాడితో ఇంటి గురించి వాదించడు. మొదట్లో నేను దాన్ని నా వాదన బలం అనుకున్నాను.

ఇరవై రెండు ప్రశ్నలూ అడిగాను. చాలావాటికి "సూద్దాం" అనే జవాబు. చివరికి ఆయనే మెట్ల మీద కూర్చుని టోపీ మోకాలికి తగిలించి చెప్పాడు.

"ఇందులో మూడు మాటలు ఉన్నాయి బాబూ. డబ్బా మాట ఒకటి. రంగు కంపెనీవోడు ఇస్తాడు. రంగు సెడ్డదయితే ఇంకో డబ్బా ఇస్తాడు, అంతే. నిచ్చెనెక్కి వాడు వెయ్యడు. రెండోది సెయ్యి మాట. గోకడం, కడగడం, కింద పూత, పై పూత, అదంతా నాది. నా సెయ్యి తప్పయితే మళ్ళీ వేస్తాను, నిన్నేటీ అడగను. మూడోది ఇంటోడి మాట. నేను ఎల్లిపోయేక ఇల్లు నీ దగ్గరే కదా ఉంటాది."

"మరి ఆ పదిహేనేళ్ళవాళ్ళు?"

"అది డబ్బా మాట బాబూ. సెయ్యి మాట ఎన్నాళ్ళో అడిగేవేటి?"

అడగలేదు. నున్నటి కాగితం తిరగేసి చూస్తే చిన్న అక్షరాల్లో ఉంది, చేతిపనికి ఏడాది. నా ఉద్యోగమే చిన్న అక్షరాలు రాయడం. అయినా చూడలేదు.

ఆయన వారంటీ కాగితం స్కూలు పిల్లల గీతల నోట్‌బుక్కులో ఉండేది. ఒక ఇంటికి ఎదురెదురు రెండు పేజీలు. ఎడమ పేజీలో ఆయన చేయాల్సినవి, కుడి పేజీలో ఇంటివాడు చేయాల్సినవి. తెలుగు మాటలే, ఇంగ్లీషు పెద్దక్షరాల్లో. ఎడమ పేజీని నేను నాలుగుసార్లు చదివి రెండుచోట్ల మార్పించాను. కుడి పేజీ కింద సంతకం పెట్టాను. అందులో ఏముందో ఆయన చదివి వినిపించాడు గానీ, ఆ సమయంలో నేను ఎడమ పేజీలో మూడో మార్పు గురించి ఆలోచిస్తున్నాను.

పని మొదలైంది. శరదృతువు, ఇక్కడ మార్చి నెల. పొద్దున్నే వచ్చేవాడు కానీ పదింటిదాకా బ్రష్ ముట్టేవాడు కాదు. పలకల మీద మంచు ఆరాలి. మూడింటికి డబ్బా మూసేసేవాడు. సాయంత్రం మంచు మళ్ళీ దిగుతుంది. మధ్యాహ్నం రొట్టెల్లో డబ్బా చేపల కూర చుట్టుకుని, తాను వేస్తున్న గోడ ఎదురుగానే కూర్చుని, దాని వంక చూస్తూ తినేవాడు. పక్కన చెట్టు నీడ ఉన్నా అటు వెళ్ళేవాడు కాదు. గోడతో కలిసి భోంచేస్తున్నట్టుండేది. ఎప్పుడు ఏమడిగినా ఒకటే మాట.

"అంకుల్, ఇవాళ రెండో కోటు వేస్తారా?"

"ఆరనీ."

"ఇంకెంత?"

"ఆరనీ బాబూ."

ఇంతలో వానలు పట్టుకున్నాయి. మూడు గోడలు పూర్తయ్యాయి. ముందు గోడకు కింద పూతా, ఒక పై పూతా పడ్డాయి, చివరి పూత మిగిలింది. గృహప్రవేశం ఆదివారం. బుధవారం నుంచి ఆయన రోజూ వచ్చి, గోడకు చెయ్యి వెనక్కి తిప్పి ఆనించి, వ్యాన్ ఎక్కి వెళ్ళిపోయేవాడు. శుక్రవారం నేను ఆయన్ని ఆపాను.

"అంకుల్, ఆదివారం పూజ. వెల్లింగ్టన్ నుంచి కూడా జనం వస్తున్నారు. ఫొటోలన్నీ ఆ గోడ ముందే."

"ఉన్న పూత బాగానే ఉన్నాది కదా."

"చారలు కనబడుతున్నాయి."

"తడి మీద వేస్తే ఊడిపోతాది బాబూ. సోమారం వేస్తాను. ఫొటోల్లో నువ్వు ముందు నిలబడు, సారలు కనబడవు."

శనివారం మధ్యాహ్నం వాన ఆగింది. ఐదింటికి మా ఆవిడ పూజ సామాను కొనడానికి వెళ్ళింది. నేను ముందు గోడ దగ్గరికి వెళ్ళి ఆలోచించాను. ఇది దక్షిణం గోడ. దక్షిణం గోడకు ఎండ ఎక్కువ. కాబట్టి ఇది ఆరిపోయి ఉంటుంది. ఒక కాలేజీ డిగ్రీ, ఒక పీజీ ఉన్నవాడి ఆలోచన ఇది. చెయ్యి ఆనించి చూడటం మాత్రం తోచలేదు. గరాజ్‌లో ఆయన డబ్బా, ఆయన బ్రష్ ఉన్నాయి. గంటన్నరలో కిటికీ పై నుంచి మెట్ల దాకా వేసేశాను. చాలా బాగా వచ్చిందనిపించింది. బ్రష్ కడిగి, ఉన్నచోటే, ఉన్న కోణంలోనే పెట్టాను.

ఆదివారం ఆయన కూడా వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, టోపీ లేదు. టోపీ లేకపోతే ఆయన సగం మనిషిలా ఉన్నాడు. పాలు పొంగాయి, వ్రతం అయింది, ముందు గోడ దగ్గర ఫొటోలు తీసుకున్నాం. అందరూ రంగు బాగుందన్నారు. ఆయన మెట్ల పక్కన నిలబడి, మాట్లాడుతూ మాట్లాడుతూ చేతి వెనక భాగాన్ని గోడకు ఆనించాడు. తర్వాత నా వంక చూశాడు. తర్వాత నా పట్టుపంచె వంక చూశాడు. నిన్న రంగు తుడిచిన చెయ్యి గోళ్ళ దగ్గర ఇంకా కాస్త జిగురుగా ఉందని తెలియక కట్టుకున్న పంచె. మోకాలి దగ్గర రూపాయి బిళ్ళంత మరక.

"పంచెకి వారంటీ లేదు బాబూ," అన్నాడు.

"పాయసం పడింది అంకుల్," అన్నాను.

సోమవారం పదింటికి వచ్చాడు. నేను సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాను. ముందు గోడ దగ్గర చాలాసేపు నిలబడి నన్ను పిలిచాడు.

"ఈ గోడ ఎవలైనా ముట్టేరేటి బాబూ?"

అంత సూటిగా ఆయన నన్ను ఏదీ అడగలేదు. అవును అంకుల్, కక్కుర్తి పడ్డాను అంటే సరిపోయేది. ఒక రోజు పని ఎక్కువయ్యేది, అంతే. కానీ నేను ఇరవై రెండు ప్రశ్నలు వేసినవాణ్ణి.

"లేదే," అన్నాను.

ఆయన జేబులోంచి టేపు ముక్క తీసి గోడకు అంటించి, గోరుతో రుద్ది, చటుక్కున లాగాడు. టేపు వెనక్కి తిప్పి చూశాడు. ఏమీ అంటుకోలేదు.

"ఇయ్యాల పట్టింది," అన్నాడు. ఇయ్యాల అన్న మాటను కాస్త ఒత్తాడు. "ఇంటోడు లేదంటే లేదు."

సన్నని గరుకు కాగితంతో రుద్ది, పైన చివరి పూత వేశాడు. సాయంత్రం గరాజ్‌లో గొంతుక్కూర్చుని, మిగిలిన డబ్బా మూత మీద లావుపాటి మార్కరుతో ఏదో రాశాడు. నేను దగ్గరికి వెళ్ళలేదు.

రెండు చలికాలాలు గడిచాయి. ముందు గోడ కిటికీ కింద మొదట చిన్న బుడగ లేచింది. తర్వాత అప్పడం పొంగినట్టు పొంగి, ఒక రోజు అరచెయ్యంత పెచ్చు ఊడి మెట్ల మీద పడింది. పొంగింది సరిగ్గా నేను వేసినంత మేరే. కిటికీ పై నుంచి మెట్ల దాకా.

ఇక్కడ నా తెలివితేటల గురించి కొంచెం చెప్పుకోవాలి. మనిషి తన అబద్ధాన్ని రెండేళ్ళు దాచుకుంటే అది జ్ఞాపకంగా మారిపోతుంది. నేను ఆ గోడ ముట్టుకోలేదని దాదాపు నమ్మేశాను. మిగిలిన కాస్త అనుమానాన్ని రెండు పేజీల ఉత్తరంతో కప్పేశాను. అంశాలవారీగా అంకెలు వేసి, ఇక్కడి వినియోగదారుల చట్టం ప్రస్తావించి, పద్నాలుగు రోజులు గడువిచ్చి, ఆయనకు పోస్టు చేశాను. అంతటితో ఊరుకోలేదు. ఆ ఆదివారం మన తెలుగువాళ్ళు కలిసిన చోట, పులిహోర తింటూ, "ముసలాయన పని రెండేళ్ళకే ఊడింది," అన్నాను. పక్కనే మా ఆఫీసు మిత్రుడు ఉన్నాడు, గుంటూరువాడు. మా పక్క ఊరు టాకనీనిలో పెద్ద ఇల్లు కొన్నాడు. వచ్చే వేసవికి రంగు వేయమని ఈయనకే మాట ఇచ్చి ఉన్నాడు.

"నిజమా? నేను ఆయనకే చెప్పానే," అన్నాడు.

"నీ ఇష్టం రా. నా గోడ చూసి నిర్ణయించుకో."

వాడు వచ్చి గోడ చూశాడు. మర్నాడు ఆయనకు ఫోన్ చేసి వద్దనేశాడు. లైఫ్‌టైమ్ వారంటీ కంపెనీకి ఇచ్చాడు.

ఆయన పద్నాలుగు రోజులు తీసుకోలేదు. మూడో రోజే వచ్చాడు. నా ఉత్తరం చొక్కా జేబులో మడిచి ఉంది. దాని గురించి మాట్లాడలేదు. మెట్ల మీద పడిన పెచ్చు ఏరి, తిరగేసి, కళ్ళద్దాలు పైకెత్తి చూశాడు. పెచ్చు వెనక ఏముంటుందో నాకు అప్పుడు తెలియదు. తర్వాత ఇంకో పెయింటర్ చెప్పాడు. తడి మీద వేసిన పూత కింది పూతను పట్టుకోదు, శుభ్రంగా నున్నగా ఊడివస్తుంది. ఆయన వేసినది ఏదీ తనంతట తాను ఊడలేదు. కింద ఆయన పూత చెక్కుచెదరకుండా ఉంది. పైన ఆయన పూత నా పూతను అంటిపెట్టుకుని దానితోపాటే వచ్చేసింది.

"నిచ్చెన పట్టుకో బాబూ," అన్నాడు.

పట్టుకున్నాను. మధ్యాహ్నం పన్నెండున్నర. ఆయన పైన గోకుతున్నాడు, పెచ్చులు నా తల మీద పడుతున్నాయి. కాసేపటికి పైనుంచే అడిగాడు.

"ఎండ ఎటున్నాది బాబూ?"

తలెత్తి చూశాను. పొద్దు కనబడలేదు. మా ఇంటి కప్పు నీడ ముందు వాకిట్లోకి చాచుకుని, మా ఇద్దరినీ కప్పి, వీధి పక్క గడ్డి దాకా పడి ఉంది. వెనక పెరట్లో మా ఆవిడ ఆరేసిన బట్టలు తెల్లగా మెరిసిపోతున్నాయి.

"వెనక," అన్నాను.

"ఊఁ," అన్నాడు. గోకుతూనే ఉన్నాడు.

నాలుగు రోజులు పట్టింది. ప్రతి పూతకీ చెయ్యి ఆనించడం, ఆరనీ అనడం. ఆఖరి రోజు మా ఆవిడ టీ ఇచ్చి, ఉండబట్టలేక అడిగింది.

"బాబాయ్‌గారూ, అసలెందుకు ఊడిందండీ?"

"తడి తల్లీ."

"తడి ఎక్కడిది? మీరు ఆరకుండా వెయ్యరు కదా."

ఆయన నా వంక చూశాడు. నిందించే చూపు కాదు. వరసలో ముందున్నవాడికి దారి ఇస్తున్నట్టు ఉంది. నేను ప్లేటులోంచి ఇంకో బిస్కెట్ తీసుకున్నాను. అది నమిలి మింగేదాకా ఆయన ఆగాడు.

"ఆ ఏడు వానలు ఎక్కువ తల్లీ," అన్నాడు.

నోట్‌బుక్కు తీసి, ఎడమ పేజీలో ముందు గోడ పాత లైను కొట్టేసి, ఈ రోజు నుంచి ఏడేళ్ళు అని కొత్తగా రాసి, నా కాపీ మీద కూడా రాసి సంతకం పెట్టాడు. తర్వాత గరాజ్‌లోకి వెళ్ళాడు, డబ్బా పక్కకు జరిపిన చప్పుడు వినిపించింది. టాకనీని ఇంటి సంగతి ఆయన ఎత్తలేదు. నేనే సిగ్గులేకుండా ఎత్తాను.

"మా వాడు వేరేవాళ్ళకి ఇచ్చాడట అంకుల్."

"తెలుసు బాబూ. ఆ ఇంటికి ఉత్తరం పక్క పలకలు బాగా ఎండిపోయేయి. వోళ్ళు నూనె పూత వేసి మొదలెడితే బాగుణ్ణు. సెప్పు, నీ మాట వింటాడు."

అది కూడా చెప్పలేదు. నూనె పూత గురించి నాకెలా తెలుసని వాడు అడుగుతాడు.

బదులుగా ఇంకో పని చేశాను. ఆ తర్వాత ఎక్కడ నలుగురు కలిసినా ఆయన్ని పొగిడాను. "ఊడితే ఊడింది గానీ, ఒక్క మాట అనకుండా మళ్ళీ వేశాడయ్యా, వారంటీ అంటే అదీ," అనేవాణ్ణి. ప్రాయశ్చిత్తం చేసుకుంటున్నానని నా నమ్మకం. విన్నవాళ్ళకు మాత్రం ఆయన పని ఊడుతుందన్న ముక్క ముందు వినబడేది. నేను పొగిడినకొద్దీ ఆయనకు తెలుగువాళ్ళ ఇళ్ళు తగ్గిపోయాయి. ఒక మనిషిని తిట్టి అంత నష్టం చేయగలిగేవాణ్ణి కాదు.

టాకనీని ఇంటికి రెండో వేసవికే ఉత్తరం గోడ మీద రంగు పొలుసులుగా రేగింది. లైఫ్‌టైమ్ కంపెనీకి ఫోన్ చేస్తే ఆ నంబరు పనిచేయలేదు.

ఆ తర్వాత ఆయన్ని రెండుమూడుసార్లు చూశాను. ఒకసారి లైబ్రరీ గోడకు చెయ్యి ఆనించి నిలబడి ఉన్నాడు. ఆ గోడ రంగు ఆయనది కాదు. ఊరికే, దారిన పోతూ పలకరిస్తున్నాడు. నేను కారు ఆపలేదు. పచ్చ లైటు పడింది, వెనక హారన్ కొట్టారు. నిజానికి ఎవరూ హారన్ కొట్టలేదు.

ఇక మూత సంగతి.

కొట్టు నుంచి వచ్చి గరాజ్‌లోకి వెళ్ళాను. పాత గడ్డి కోసే మిషను వెనక, అట్టపెట్టెల కింద డబ్బా ఉంది. ఇన్నేళ్ళూ దాని మీద ఏవేవో పెడుతూనే ఉన్నాను. దుమ్ము తుడిచాను. పైన రంగు పేరు, నంబరు. కింద వరసగా నాలుగు గోడలు, ఆయన పెద్దక్షరాలు, తెలుగు మాటలు.

ఉత్తరం గోడ, నా సెయ్యి.

తూరుపు గోడ, నా సెయ్యి.

పడమర గోడ, నా సెయ్యి.

ముందు గోడ, ఇంటోడి మాట.

మొదటిసారి, ఆ సోమవారం రాసిన రాత ఇది. ఇంటోడి మాట అన్న చివరి ముక్క మీద తర్వాత సన్నగా ఒక గీత కొట్టి ఉంది, పక్కన నా సెయ్యి అని కొత్తగా రాసి ఉంది. రెండోసారి వచ్చినప్పుడు రాసి ఉంటాడు. గీత సన్నగా ఉండటంతో కింది అక్షరాలు ఇంకా చదవడానికి వీలుగానే ఉన్నాయి.

మా ఆవిడ గుమ్మంలోకి వచ్చింది. నా చేతిలో మూత చూసింది.

"ఇప్పటికి చదివారా?"

"నువ్వెప్పుడు చూశావు?"

"ఆయన రాసి వెళ్ళిన మర్నాడే. ఆ పంచె నాలుగుసార్లు నానబెట్టాను. పాయసం మరక కిరోసిన్‌కి కూడా పోకుండా ఉంటుందేమిటండీ?"

"మరి చెప్పలేదేం?"

"మీ భాగం కదా. మీరే చదువుతారని."

ఆయన పోయిన సంగతి చెప్పాను. ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

గుంటూరు మిత్రుడికి ఫోన్ చేశాను. శనివారం క్రికెట్ చూస్తున్నాడు, వెనక చప్పుడు వినిపిస్తోంది. గోడ సంగతి మొదటి నుంచీ చెప్పాను. వాన, బ్రష్, పంచె, పెచ్చు. మధ్యలో టీవీ చప్పుడు ఆగిపోయింది.

"అంటే ఆయన పని ఊడలేదు."

"ఊడలేదు. ఊడింది నాది."

"మరి నేను ఆయన్ని వద్దంటే నాతో ఏమన్నాడో తెలుసా? పర్లేదు బాబూ, నీ స్నేహితుడి గోడ చూసేవు కదా, అలాగే అనిపిస్తాది అన్నాడు. నేనింకా తప్పు ఒప్పుకుంటున్నాడనుకున్నాను." మళ్ళీ వాడే, "ఇంతకాలం పట్టిందేంట్రా నీకు ఇది చెప్పడానికి?" అన్నాడు.

దానికి జవాబు నా ఇరవై రెండు ప్రశ్నల్లో లేదు. మిగతావాళ్ళకి కూడా చెప్పమన్నాను. అందరికీ నువ్వే చెప్పుకో అని వాడు ఫోన్ పెట్టేశాడు. న్యాయమే. అందుకే ఇది రాస్తున్నాను. పాపకూరలో మీగడ రంగు వెదర్‌బోర్డు ఇల్లు, దక్షిణ ద్వారం. ఆ గోడ ఊడటం మీలో కొందరు చూశారు, మిగతావాళ్ళు విన్నారు. అది నేను వేసిన పూత.

ఫోన్ పెట్టేసి, వారంటీ కాగితం వెతికి తీసి, మొదటిసారి కుడి పేజీ చదివాను. నాలుగే లైన్లు. కప్పు అంచున ఉన్న గట్టర్లలో ఆకులు తీయాలి. గోడకు ఆనించి మట్టి పోయకూడదు. ఏడాదికోసారి బకెట్ నీళ్ళూ సబ్బూ మెత్తని బ్రష్‌తో గోడలు కడగాలి. నాలుగోది, ఏదైనా తేడా వస్తే దాచకుండా చెప్పాలి. కింద నా సంతకం, బాగా వంపులు తిరిగి ఉంది.

మర్నాడు ఆదివారం బకెట్, బ్రష్ పట్టుకుని ముందు గోడ కడిగాను. ఇన్నేళ్ళలో మొదటిసారి. నీళ్ళు ఆకుపచ్చగా దిగాయి. నాచు కింద ఆయన వేసిన రంగు వేసిన రోజులాగే ఉంది, నేను పెట్టిన గీత తప్ప. మధ్యాహ్నం అయింది. గరాజ్‌లోంచి డబ్బా, చిన్న బ్రష్ తెచ్చుకున్నాను. మూత తీయబోయి, ఆగి, చెయ్యి తిరగేసి గోడకు ఆనించాను. ఎండ ఇంటి వెనక ఉంది. పలక చల్లగా, తడిగా తగిలింది.

మూత మీద అరచేత్తో నొక్కి, గట్టిగా మూసి, మెట్ల మీద కూర్చున్నాను.

ఆరనీ.